బూట్ల గది

రిముస్కిలో జనవరి.
నది గడ్డకట్టి అవతలి ఒడ్డు కనపడ్డం మానేసింది.
నా పేరు రెజాన్. ఇరవై ఆరేళ్లుగా
ఈ బడి తాళంచెవులు నావే, బాయిలరూ నాదే,
ఎవడైనా కక్కితే ఆ బకెట్టూ నాదే.

విరామం గంటకి అందరూ బయటికి పోతారు.
మైనస్ ఇరవై ఎనిమిది.
కళ్లు తప్ప మనిషి కనపడకూడదని చలి శాసనం,
దానికి ఓట్లు లేవు, సవరణలు లేవు.
ప్రిన్సిపాలమ్మ నెత్తిన ఉన్ని టోపీ,
లెక్కల మాస్టారు ముక్కు దాకా మఫ్లరు,
వసీలా టీచరూ అంతే.
ఏ గుడ్డ కింద ఏ నమ్మకముందో
మంచు అడగదు.

మళ్లీ లోపలికొస్తారు, నా బూట్ల గదిలోకి.
తడి చేతితొడుగుల వాసన, కరిగిన బురద,
ఏదో ఒక పిల్లాడి ఎడమ బూటు ఎప్పుడూ దొరకదు.
టోపీలన్నీ కొక్కేలకెక్కుతాయి.
ఒక్క గుడ్డ తల మీదే ఉండిపోతుంది.
చట్టం అక్కడే నిలబడుతుంది
పట్టా మీద, తన బూట్లు మాత్రం విప్పకుండా.

ఆమెకి పాత ఉద్యోగి లెక్కన మినహాయింపుంది.
ఉన్నచోట ఉన్నన్నాళ్లూ ఉండొచ్చు,
ఒక్క మెట్టెక్కితే తీసెయ్యాలి.
పోయినేడు వైస్ ప్రిన్సిపాల్ కుర్చీ ఖాళీ అయితే
అందరం ఆమె వంక చూశాం.
ఆమె దిద్దాల్సిన నోటుబుక్కుల వంక చూసింది.

అయినా నేను చట్టాన్ని గట్టిగా తిట్టలేను.
మా అక్క ఫెర్నాండ్‌ది ఎడమచేతివాటం.
సిస్టరు చెక్కబద్దతో ఆ చేతినే కొట్టేది.
ఆవిడ మెడలో శిలువ ఎన్నిసార్లు ఊగితే
అన్ని దెబ్బలని లెక్కపెట్టుకునేదట అక్క.
డెబ్భై దాటింది. ఇప్పటికీ సంతకం పెట్టాల్సొస్తే
ఎడమచేతిని బల్ల కింద దాచుకుంటుంది.

ఈ బడి గోడల మీంచి శిలువలు దించింది నేనే.
మూడో తరగతి గదిలో మేకొక్కటి ఊడి రాలేదు.
దానికిప్పుడు గడియారం వేలాడుతోంది,
రెండు నిమిషాలు వెనక.

ఆ గదిలో హీటరు బాగుచేస్తూ
అక్క సంగతి వసీలా టీచరుకి చెప్పాను.
"మా పిన్ని ఒరాన్‌లో
తల కప్పుకోనందుకు దెబ్బలు తింది" అందామె.
"మరి నువ్వు?"
"నన్నెవరూ కప్పుకోమనలేదు.
ఇప్పుడు తియ్యమంటున్నారు."
నేను స్క్రూ బిగించాను.
రెండు చుట్లు ఎక్కువే బిగించాను.

బడి బోర్డు మీద ఇంకా ఒక పునీతుడి పేరుంది.
ఏటా నిచ్చెనెక్కి దాని మీది ఐసు కొట్టేది నేనే.
ఆయన్ని పేరు తియ్యమని ఎవరూ అనలేదు,
ఆయన పిల్లలకి గుణకారం చెప్పడు కదా.

నా తాళాల గుత్తికి అమ్మ కట్టిన బిళ్ళుంది,
బిడ్డని భుజానెక్కించుకుని ఏరు దాటించే సెయింట్ క్రిస్టఫర్.
రోజంతా వరండాల్లో గలగలలాడుతూ తిరుగుతాడు.
చట్టం కంటికి నేను ఆనను.
బకెట్టు మోసేవాడి దేవుడు
ఎవరికీ అంటుకోడని కాబోలు.

నవంబరులో హసీబా అని కొత్త టీచరమ్మాయి వచ్చింది.
ఇరవై మూడేళ్లు. మినహాయింపు లేదు.
ఏడుంబావుకే, ఇంకా చీకటుండగా,
బూట్ల గదిలో టోపీ తీస్తుంది, తర్వాత రుమాలు.
నాలుగు మడతలు పెట్టి చేతితొడుగులో దోపుకుంటుంది.
జుట్టు మీద చెయ్యి పెట్టి చూసుకుంటుంది,
ఎవరిదో తల తడిమినట్టు.

మొదటిరోజు తెలీక తలుపు తోసేశాను.
"పర్లేదండీ" అంది, గోడ వైపు తిరిగి.
పర్లేదన్న మాట అంత బరువుంటుందని
నాకు అరవై ఏళ్లొచ్చేదాకా తెలీదు.

ఆ శనివారం మూల గోడకి
పిల్లలకందని ఎత్తులో ఒక కొక్కెం బిగించాను,
పక్కన అరచెయ్యంత అద్దం.
ఇంత ఎత్తున ఎవరికని ప్రిన్సిపాలమ్మ అడిగింది.
"వచ్చేపోయేవాళ్లకి" అన్నాను.

ఇప్పుడు పొద్దున్నే అటు వెళ్లాల్సొస్తే
రెండుసార్లు దగ్గుతాను.
తాళాలు పిడికిట్లో బిగించి పట్టుకుంటాను,
బిళ్ళతో సహా,
చప్పుడు కాకుండా.